పై వరుసలో మూడో మనిషి

మా బెల్లంపల్లి పాత ఫోటోలను గ్రంథాలయంలో చేర్చి పెడుతున్నాం. బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యాను కాబట్టి రిజిస్టరు రాసేది నేను. ఫోటోలో ఎవరెవరున్నారో పేర్లు చెప్పనిదే నేను తీసుకోను.

ఈ రోజు పొద్దున రాజవ్వ ఒకటి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో బొగ్గుబాయి కార్మికులు రెండు వరుసల్లో నిలబడి దిగిన ఫోటో. అద్దం లేదు. పై వరుసలో ఎడమ నుంచి మూడో మనిషి ముఖమంతా కుంకుమే. అతను తన తండ్రి అని, తాను పాలు తాగే బిడ్డగా ఉండగానే పోయాడని చెప్పింది. చూపు పోయిన తల్లి చివరి రోజుల్లో ఆ ఫోటోను పెట్టెలోంచి తీయించి, "పై వరుసల మూడోటాయనే మీ బాపు" అని చెప్పిందట. అప్పటినుంచి ఈమె రోజూ బొట్టు పెడుతోంది.

తనూ ఫోటో ఇవ్వడానికే వచ్చి పక్కన కూర్చున్న మల్లయ్య, తన సంచిలోంచి అదే ఫోటో ఇంకో ప్రతి తీశాడు. దాని వెనుక పేర్లన్నీ సిరాతో రాసి ఉన్నాయి. చదివితే తేలిందేమిటంటే, కుంకుమ కింద ఉన్నది మల్లయ్య తండ్రి. రాజవ్వ తండ్రి అదే వరుసలో కుడి నుంచి మూడో మనిషి.

"అయ్యో అన్నా, బతికున్నోనికి దినాం బొట్టు పెట్టిన్నా నేను!" అంది రాజవ్వ.

"ఫికర్ చెయ్యకు చెల్లె. గందుకేనేమో, మా బాపు తొంభై ఏండ్లు బతికిండు" అన్నాడు మల్లయ్య.

ఆమె కూడా నవ్వింది. తర్వాత ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఇన్నేళ్లుగా ఎవరి వేలూ తగలని ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. "పంతులమ్మా, గీ ముక్కు నాదే గదా" అంది.

మీ ఇంటి ఫోటోల వెనుక పేర్లున్నాయా? లేకపోతే ఈ రోజే రాయండి. ఎటు నుంచి లెక్కపెట్టాలో కూడా రాయండి.