స్టూడియో కోటు, నా నల్ల మఫ్లరు

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్ రైల్వే మనిషికి ఫోటోతో పని జీవితంలో రెండేసార్లు పడేది. పెళ్ళికొకటి, రిటైర్మెంటుకొకటి. (మూడోది గోడకి. దానికి మళ్ళీ తీసేదేమీ ఉండదు, రెండోదాన్నే పెద్దది చేసి దండ వేసేవారు.) రిటైర్మెంటు ఫోటో కోటులోనే దిగాలి, దిగి సొంతూరికి పంపాలి. అది మావాళ్ళ ఆనవాయితీ. శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి వర్క్‌షాపు పనికొచ్చిన వాళ్ళకి కోటెక్కడిది? అందుకని ఖరిదా బజారులో అందరూ మావయ్యా అని పిలిచే స్టూడియో యజమాని ఒక నల్ల కోటు ఉంచాడు. ఎవరి కొలతలకి కుట్టారో గాని, మా బక్కప్రాణుల మీద గోనెసంచిలా వేలాడేది. మావయ్య దాన్ని వీపు దగ్గర కుచ్చెళ్ళు పోసి, పిన్నులు గుచ్చి బిగించేవాడు. ముందునుంచి చూస్తే దొర, వెనకనుంచి చూస్తే దిష్టిబొమ్మ. మేముండే ట్రాఫిక్ కాలనీలో ఏ గోడ మీద చూసినా అదే కోటు, లోపల మనిషే వేరు.

ఇరవై రెండేళ్ళ వయసులో నేను ఆ స్టూడియోలో ఫోటోలు తీసేవాణ్ణి. ఒకరోజు గోల్‌బజారు పాత కాగితాల కొట్లో, ఊరొదిలి విదేశం వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరుగారింటి సామానులోంచి వచ్చిన ఫ్యాషన్ పత్రికల కట్ట దొరికింది. అన్నీ పాతవే. పొడుగు మెడల దొరసానులు, సగం వెలుగు, సగం చీకటి, చూపు ఎటో దూరంగా. ఒక్కరూ కెమెరావైపు చూడరు. ఒక తెల్ల గౌను ఫోటో ముందు నేను ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. నిజంగా చెబుతున్నాను, గుడిలో కూడా నాకు అంత భక్తి కలగలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు చూడండి, అదీ నా పరిస్థితి. ఆ పత్రికల్లో ఒక ఫోటోగ్రాఫరు మెడకి నల్ల మఫ్లరు ఉందని, నేనూ ఒకటి కొని మే నెల ఎండలో చుట్టుకుని తిరిగాను. "గొంతు నొప్పేటిరా?" అని మా అమ్మ మిరియాల కషాయం కాచింది. (తాగాను. స్టైలంటే ఏమిటో అమ్మకి చెప్పడం కంటే అదే సులువనిపించింది.)

సరిగ్గా అప్పుడే నాన్న రిటైర్మెంటు దగ్గరపడింది. నాన్న ఫిట్టరు. ఊరొదిలి వచ్చేనాడు పెదనాన్న పదిమందిలో అన్నమాట ఒకటి మా ఇంట్లో అందరికీ తెలుసు. "భూమి సేసుకోనేక మసి పూసుకోడానికి ఎల్తన్నాడు." నాన్న దానికి ఎప్పుడూ బదులు చెప్పలేదు. కోటు ఫోటో పంపినప్పుడే చెబుదామని ముప్పయ్యారేళ్ళు దాచుకున్నాడు. ఆ సంగతి తెలిసీ నేను, "కోటు అబద్ధం నాన్నా, పనిబట్టల్లో రా" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. కాని కొడుకు చదువుకున్నవాడాయె, కాదనలేదు. షిఫ్టు దిగి, నూనె మరకల ఖాకీ చొక్కాతో తిన్నగా స్టూడియోకి వచ్చి కూర్చున్నాడు.

ఒక్కటే దీపం, పక్కనుంచి. "నన్ను చూడకు నాన్నా, అటు కిటికీకేసి చూడు" అన్నాను.

"నిన్ను సూడకపోతే ఫోటో ఎలగొస్తాదిరా?"

"వస్తుంది. స్టైలు."

"ఓహో" అన్నాడు నాన్న, డాక్టరు దగ్గర అన్నట్టు.

ఫోటో అద్భుతంగా వచ్చింది (నా దృష్టిలో). సగం మొహం చీకటి, చెంప మీద మసి గీత, కణత దగ్గర ఒక వెలుగు చుక్క. ఫ్రేము కట్టించి పట్టుకెళ్ళాను. నాన్న దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు.

"బాగున్నాది" అన్నాడు ముందు. తరవాత నెమ్మదిగా, "ముప్పయ్యారేళ్ళు ఆ నలుపులోనే ఉన్నాను కదరా. ఫోటోలో కూడా తుడవనేదా నువ్వు?" అన్నాడు.

అమ్మ చెంగుతో ఫ్రేము అద్దం తుడుస్తూ, "మీ పెదనాన్నకి ఇదెలగ పంపుతార్రా? ఆయన అన్నమాటే అయినాది అనుకోడూ?" అంది.

మర్నాడు మావయ్యకి అంతా చెప్పి, నా తప్పు లేదనిపించుకోవడానికి ఆ తెల్ల గౌను పేజీ తీసి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఎలుగు సక్కగా పెట్టినాడు" అని మెచ్చుకున్నాడు. ఆ తరవాత నడుం దగ్గర వేలు ఆనించి, "ఈ గౌను ఈవిడ కొలతది కాదురా. ఈ బిగువు సూడు. ఎనకాల పిన్నులుంటాయి" అన్నాడు.

ఇన్నాళ్ళూ పూజించిన పేజీ అది. ఆ బిగువు నాకొక్కసారీ కనిపించలేదు. కోటు అబద్ధమని నాన్నతో అన్నవాణ్ణి నేను.

నాన్నని బతిమాలి మళ్ళీ తీసుకొచ్చాను. ఈసారి కోటుకి పిన్నులు నేనే పెట్టాను. దాన్ని తొడగబోతూ అప్పుడే మొదటిసారి నాన్న వీపు చూశాను. చొక్కా అక్కడ పల్చబడి, అమ్మ వేసిన మాసిక కూడా అరిగిపోయింది. సుత్తి పని వల్లనేమో, ఎడమ భుజం కుడిదానికంటే కిందికి జారి ఉంది. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి నేనది గమనించలేదు. మెడలోంచి మఫ్లరు తీసి, మడతపెట్టి, కోటు లోపల ఆ భుజం మీద ఉంచాను. దీపం పక్కనే పెట్టాను కాని, రెండోవైపు మావయ్య చేత తెల్లపంచె పట్టించి చీకటిని కొంచెం వెనక్కి నెట్టాను. నాన్న మొహం కడుక్కుని, తల దువ్వుకుని నిటారుగా కూర్చున్నాడు.

"ఎటు సూడమంటావు?"

"నన్నే చూడు నాన్నా."

చూశాడు. నాకు లెన్సు మసకబారినట్టయింది. లెన్సు బాగానే ఉంది.

ఒక కాపీ మా దగ్గర ఉంచుకుని ఫోటో ఊరికి పంపాం. కొన్నాళ్ళకి పెదనాన్న కార్డు రాశాడు. కుశల ప్రశ్నల తరవాత ఒక్కటే విషయం: ఆ కోటు ఎక్కడ కుట్టించావు, నాకూ ఒకటి పంపించు. నాన్న ఆ కార్డుని ఇంట్లో రెండుసార్లు, వీధిలో మూడుసార్లు చదివాడు.

ఇప్పుడు ఆ రెండు ఫోటోలూ నా గదిలో పక్కపక్కనే ఉన్నాయి. ఫోటోలు తెలిసినవాళ్ళు వస్తే చీకటిదాని ముందే నిలబడి మెచ్చుకుంటారు. కాదనను, మంచి ఫోటోయే. మఫ్లరు చుట్టుకుని తిరిగిన ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, పాపం, వాడికి వెలుగు తెలుసు, మనుషులే తెలియదు. కాని మీ స్టైలేమిటని ఎవరైనా అడిగితే మాత్రం రెండోదాన్ని చూపిస్తాను. అందులో నాన్న ఎడమ భుజం కుడిదానికంటే వేలెడు ఎత్తుగా ఉంటుంది. కంగారులో మఫ్లరుకి ఒక మడత ఎక్కువ వేశాను.