అవ్వ తప్పు చెప్పిన రోజు

నా చిన్నప్పుడు ఉదయగిరిలో మా ఇంటిల్లిపాదీ చెక్క గరిటెలు చేసేవాళ్ళం. నాయన చెక్కితే అమ్మ గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేది. కర్ర తేవడానికి కొండకు పోయేది మా అన్న. ఒక వానాకాలం పొద్దున అలా పోయినవాడు బండ మీద కాలు జారి పడిపోయాడు. సాయంత్రానికి శవాన్ని మంచం మీద మోసుకొచ్చారు. వాడికి ఇంకా మీసమైనా రాలేదు.

కర్ర అయిపోయిందని ఆ పొద్దున వాడిని నిద్రలేపి పంపింది అమ్మే. ఆ మాట మాలో ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా అది ఇంట్లోనే తిరుగుతుండేది. అమ్మ ఏడవలేదు, మాట్లాడలేదు, గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. అవ్వ, అంటే మా నాయన తల్లి, ముద్ద కలిపి నోటి దాకా తెస్తే మొహం తిప్పుకునేది. ఆ ఇంట్లోంచి ఇంకో పాడె లేస్తుందని వీధిలో అనుకోవడం నా చెవిన పడింది. నాకు చచ్చేంత భయం వేసింది.

మా వైపు చావు పలకరింపుకు వచ్చినవాళ్ళు ఎట్ట జరిగిందని అడగాలి, ఇంటివాళ్ళు మొదటినుంచి చెప్పాలి. అడగకపోతే మర్యాద కాదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని నాకు ఒళ్ళు మండేది. అవ్వ మాత్రం విసుక్కోకుండా వచ్చినవాళ్ళందరికీ అవే మాటలు చెప్పేది. వాళ్ళు ఊ కొట్టి, కళ్ళు తుడుచుకొని పోయేవాళ్ళు. అమ్మ విన్నట్టే ఉండేది కాదు.

ఒకరోజు ఆత్మకూరు నుంచి మా మేనత్త వచ్చింది. అవ్వ ఎప్పటిలాగే మొదలుపెట్టి, మధ్యలో, "సద్ది గూడా తినలేదే వాడు. ఖాళీ కడుపుతో పోయినాడు" అనింది.

నేను ఉలిక్కిపడ్డాను. వాడు తింటున్నప్పుడు పక్కన కూర్చున్నది నేనే. ఆ మాట అనబోతే అవ్వ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"తిన్నాడు" అనింది అమ్మ. వాడక వాడక గొంతు బొంగురుపోయి ఉంది. "ఖాళీ కడుపు ఏంది అత్తా? నేనే మజ్జిగ పోసి కలిపి పెట్టినాను. ఎర్రగడ్డ నంజుకున్నాడు. ఇంకొంచెం పెట్టమని గిన్నె చాపినాడు."

"అట్నా? నాకు తెలీదే. ఇంకేమన్నాడు?" అని అవ్వే అడిగింది.

"వాన పట్టేట్టు ఉండాది, రేపు పోతాలేమ్మా అన్నాడు. నేనే పొమ్మన్నాను."

అప్పుడు ఏడ్చింది మా అమ్మ. దీపాలు పెట్టే వేళ దాకా వాడి మాటలు చెబుతూ ఏడ్చి, అవ్వ పెట్టిన ముద్ద మింగింది. ఆమె బాగైపోయిందని నేను చెప్పను. బతికింది, అంతే. ఆ తర్వాత పలకరింపుకు ఎవరొచ్చినా తనే చెప్పేది.

అబద్ధం ఎందుకు చెప్పావని అవ్వను అడిగాను. "నిజం చెప్తే ఊ కొడతారు అమ్మే. తప్పు చెప్తే నోరు తెరుస్తారు" అనింది.

ఆ మాట పట్టుకొనే ఇంతకాలం బతికాను. పోయిన నెల నా కూతురు పోయింది. జ్వరమని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతే మళ్ళీ ఇంటికి రాలేదు. ఆఖరి ఊపిరి దాకా దాని చెయ్యి పట్టుకొని ఉన్నది నా భర్త. అప్పటినుంచి ఆయన కూడా మా అమ్మలాగే గోడకు ఆనుకున్నాడు. ఆయన నోరు తెరవకపోతే ఆయన కూడా నాకు దక్కడు.

నిన్న మర్రిపాడు నుంచి చుట్టాలు వచ్చి, ఎట్ట జరిగిందని అడిగారు. ఆయనకు వినబడేలా చెప్పాను. నోరు రాకపోయినా, అవ్వలాగే మధ్యలో ఒక తప్పు కూడా చెప్పాను. "పక్కన ఎవరూ లేకుండానే పోయింది నా బిడ్డ" అన్నాను. ఆగి, ఆయన వైపు చూశాను.

ఆయన గోడ వైపు చూస్తూ, "ఊ" అన్నాడు.

తప్పుకు కూడా ఊ కొడితే ఏం చెయ్యాలో అవ్వ నాకు చెప్పలేదు.