కూరలో లేని ఉప్పు

ఇది జరిగినప్పుడే రాసి ఉండాల్సింది. అప్పటికి నాకు కూడబలుక్కుని చదవడం వచ్చింది గానీ, రాయడం నా పేరు దగ్గరే ఆగిపోయింది. నలభై ఆరేళ్ల వయసులో వయోజన విద్య క్లాసులో పలక పట్టినదాన్ని. ఒక పేజీ నిండా మాటలు రాయడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఇప్పుడు చేతనవుతోంది కాబట్టి, నాలాంటివాళ్లు చదువుతారని రాస్తున్నాను.

మాది దివిసీమలో సముద్రం పక్కన ఒక పేట. మగవాళ్లు వేటకి వెళ్తారు. వచ్చిన పెద్ద చేపల్ని చీల్చి, ఉప్పునీళ్ల తొట్టిలో ఊరబెట్టి, ఎండబెట్టి అమ్మేది ఆడవాళ్లం. ఒకరోజు తొట్టిలో ఉప్పు కలుపుతుంటే తల వెనక రోకలితో దంచుతున్నట్టు అనిపించింది. తొట్టి అంచు రెండుగా కనిపించింది. వడదెబ్బ అనుకుని, ఉప్పేసిన మజ్జిగ తాగి పడుకున్నాను. సాయంత్రానికి పాదాలు వాచి మెట్టెలు బిగుసుకుపోయాయి.

"ఇది ఎండ కాదే. రేపు బందరు వెళ్దాం," అన్నాడు మా ఆయన.

బందరులో డాక్టరుగారు చేతికి పట్టీ చుట్టి ఒకసారి చూసి, నమ్మనట్టు ఇంకో రెండుసార్లు చూశారు. "రెండొందలు దాటింది. ఇన్నాళ్లూ ఎలా తిరుగుతున్నావమ్మా?" అన్నారు. టెస్టులు చేయించారు. యూరిన్‌లో ఆల్బుమిన్ పోతోందనీ, కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ రక్తంలో ఎక్కువగా ఉందనీ చెప్పారు.

"బీపీ కిడ్నీల మీద పడుతోంది. ఇప్పుడు అదుపులో పెడితే నిలబడతాయి. లేకపోతే డయాలసిస్ దాకా వెళ్తావు. మాత్రలు మానొద్దు. కూరలో ఉప్పు బాగా వేస్తావా?"

"తక్కువేనండి," అన్నాను. అది నిజమే. ఇంటికి వచ్చాక ఆ కాస్తా కూడా మానేశాను.

మూడు నెలలైనా బీపీ దిగలేదు. మాత్ర మార్చారు, ఇంకోటి కలిపారు. క్రియాటినిన్ మరి కాస్త పెరిగింది. "నువ్వు మాత్రలు వేసుకోవడం లేదు," అన్నారు డాక్టరుగారు. నాకు ఉక్రోషం వచ్చింది. తర్వాతిసారి వాడేసిన మాత్రల అట్టలన్నీ గుడ్డసంచిలో తీసుకెళ్లి ఆయన బల్ల మీద కుమ్మరించాను. ఆయన ఒక్కో అట్టా తిప్పి చూశారు. "మరెందుకు దిగట్లేదంటావు?" అని నన్నే అడిగారు.

ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. కిడ్నీలు పోతాయన్న భయం ఎలాగూ ఉంది. అసలు కారణం తెలియకుండా పోతే ఎలా అన్నది అంతకంటే ఎక్కువగా తొలిచేది.

ఆ రోజుల్లోనే సునీత మా పేటకి వచ్చింది. గుడివాడ పిల్ల. యూనివర్సిటీలో పై చదువు చదువుతూ, బీపీ ఎవరికి ఎక్కువగా వస్తుంది, ఎందుకు వస్తుంది అని ఊరూరా తిరిగి రాసుకుంటోంది. ఉప్పు తింటారా అని అడిగితే, పూర్తిగా మానేశానని చెప్పాను. టిక్కు పెట్టుకుంది. తర్వాత అందరికీ ఒక్కో ప్లాస్టిక్ క్యాను ఇచ్చి, రోజంతా పోసిన యూరిన్ అందులో పట్టమంది.

మా వదిన నాంచారమ్మ నోరు ఊరుకోదు. "ఇదేం చదువే తల్లీ? మీ నాన్న ఇందుకేనా నిన్ను యూనివర్సిటీకి పంపింది?"

"ఇందుకే అత్తా. ముందు మీ క్యాను సంగతి చూడండి, సగం కూడా నిండలేదు."

పేటంతా నవ్వింది. నేను మాత్రం అడిగాను. "సముద్రానికి దూరంగా, పైన తోట్లవల్లూరు వైపు కూడా తిరిగానన్నావు కదా. వాళ్లకి రాదా ఈ జబ్బు?"

"వస్తుంది పిన్నిగారూ. కానీ వాళ్లకి డాక్టరు దగ్గర్లో ఉంటాడు, ముందే తెలుస్తుంది. మీకు డాక్టరు దగ్గరికెళ్తే ఒక రోజు పని పోతుంది, అందుకే ముదిరాక తెలుస్తోంది. అదొక్కటే కాదు, మీ పేటలో అసలు వచ్చేవాళ్లే ఎక్కువ. అదెందుకో నాకు అంతుపట్టడం లేదు."

కొన్ని వారాల తర్వాత సునీత నేరుగా మా ఇంటికే వచ్చింది. "పిన్నిగారూ, మీ యూరిన్‌లో సోడియం చాలా ఎక్కువుంది. అంటే ఉప్పు."

"అబద్ధం చెప్పానంటావా?"

"లేదు. నేను అడగడంలోనే ఏదో తప్పుంది. ఒక రోజు మీ వెనకే తిరగనివ్వండి."

తిరగేసిన గంప మీద కూర్చుని రోజంతా నన్ను చూస్తూనే ఉంది. తొట్టిలో ఉప్పు చాలకపోతే చేప కుళ్లుతుంది, మించితే కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. అందుకని వేలు ముంచి నాలుకకి రాసుకుని చూస్తాం. మా పేటలో నా నాలుకకి పేరుంది. "రత్తమ్మా, ఓసారి రుచి చూసి పోవే," అని అందరూ పిలుస్తారు. మధ్యాహ్నం రాళ్లుప్పు వేసిన గంజి, వేయించిన ఎండుచేప. సాయంత్రం సునీత పుస్తకంలో నా పేరు చదివాను. దాని కింద వరసగా గీతలున్నాయి.

"ఇవేంటమ్మాయ్?"

"మీ వేలు నోటి దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఒకటి గీశాను."

లెక్కపెట్టాను. యాభై దాటాక ఆపేశాను. మేం దాన్ని తినడం అనుకోం, పని అనుకుంటాం. ఎండుచేప మాకు చేపే గానీ ఉప్పు కాదు. ఉప్పంటే కూరలో వేసేదే, గంజిలో వేసుకునే రాయి కూడా లెక్కలోకి రాదు. ఎండుచేప కూరలో ఎవరూ ఉప్పు వెయ్యరు కాబట్టి, మా పేటలో అందరం తక్కువ తింటున్నామనే చెప్పాం.

"నా ఫారంలోనూ కూర గురించే ఉంది," అంది సునీత, తన మీద తనకే కోపం వచ్చినట్టు.

ఇప్పుడు నాకు బీపీ అదుపులో ఉంది. దిగడానికి నాలుగు నెలలు పట్టింది. క్రియాటినిన్ వెనక్కి తగ్గలేదు గానీ, ఉన్నచోటే ఆగింది. "ఇక్కడే నిలబెట్టు, చాలు," అంటారు డాక్టరుగారు. రోజూ రెండు మాత్రలు వేసుకుంటాను, మూడు నెలలకోసారి టెస్టుకి వెళ్తాను, పచ్చిచేప తింటాను. ఎండుచేప మీద మనసు లాగుతూనే ఉంటుంది. చదివేవాళ్లకి ఒక్క మాట చెప్తాను. ఉప్పు తింటున్నావా అని డాక్టరు అడిగితే కూర సంగతి ఒక్కటే చెప్పకండి. పొద్దుట్నుంచీ నోట్లోకి ఏమేం వెళ్లిందో, మీ పనిలో నాలుక మీద ఏం పడిందో అంతా చెప్పండి.

ఆ గీతలు చూసిన రాత్రి ఒకటే ఆలోచన. రుచి చూడటం మానేస్తే పని పాడవుతుంది, మానకపోతే కిడ్నీలు పోతాయి. ఉప్పు ముదిరిన నీళ్లలో వస్తువు పైకి తేలడం చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. మర్నాడు పొద్దున తొట్టిలో ఉప్పు కలిపి, ఆఖరిసారి నాలుకకి రాసుకుని, ఉమ్మేసి, నోరు కడుక్కున్నాను. రుచి సరిగ్గా ఉంది. అందులో ఒక కోడిగుడ్డు వదిలి, అది ఎంతవరకు తేలిందో చూసి, అక్కడ గుడ్డు చుట్టూ బొగ్గుతో గీత గీశాను. ఇకమీదట ఆ గీత దాకా తేలితే ఉప్పు సరిపోయినట్టే.

"ఏమే, నీ నాలుకకి సవతిని తెచ్చావా?" అంది నాంచారమ్మ వదిన.

"దీనికి బీపీ రాదు వదినా."

ఆవిడ నవ్వుతూనే అలవాటుగా తన తొట్టిలో వేలు ముంచింది. నోటి దాకా వచ్చిన ఆ చెయ్యి పట్టుకుని, అందులో గుడ్డు పెట్టాను.