పాట దించమనేవాళ్లు లేక

ఆ రోజుల్లో మాకు పరదేశం మరీ దూరంగా ఉండేది కాదు, కంభం చెరువు కట్ట దాటితే మొదలయ్యేది. అలాంటి మేము, కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఏకంగా కొలంబోకు బయల్దేరాం. నాయన, అమ్మ, నేను. మా మేనత్త అక్కడ కాపురముండేది, మామకు రేవులో ఉద్యోగం. ధనుష్కోటి దాకా రైలు, అక్కడినుంచి ఓడ, ఆవలి ఒడ్డున మళ్లీ రైలు. ఓడ దిగగానే సుంకాల అధికారి నా కంజీరను తిప్పి తిప్పి చూసి, ఇదేం తోలని ఇంగ్లీషులో అడిగాడు. ఉడుముకు ఇంగ్లీషు మాట తోచక, నేలమీద చేతులు ఆనించి పాకి చూపించాను. (అప్పుడే బి.ఏ. పాసైనవాణ్ని, మెడలో టై కూడా ఉంది.)

మార్కాపురంలో మా ప్రార్థన గుడిలో ఆదివారం పాట ఎత్తేది నాయనే. ఆయన ఒక చరణం పాడితే సంఘమంతా దాన్ని తిరిగి పాడుతుంది. నా కంజీర జోరందుకున్నకొద్దీ పాట కూడా జోరందుకుంటుంది. అయితే మా గుడికి ఒక పద్ధతి ఉంది. ఎత్తినవాడు తనంతట తాను పాట దించకూడదు. పంక్తిలో వడ్డించేవాడు విస్తరి ముందున్నవాళ్లు చాలనేదాకా చెయ్యి ఆపడు చూడండి, అలాగన్నమాట. వినేవాళ్లలో పెద్దవాళ్లెవరో "దించు నాయనా" అనాలి. పాడేవాడి ఇంటివాళ్లు మాత్రం ఆ మాట అనకూడదు. ప్రపంచంలోని గుడులన్నిటా ఇదే పద్ధతి అనుకునేవాళ్లం.

శనివారం సాయంత్రం అత్త నాయన ఎదుట కూర్చుని, "ఇక్కడంతా అరవంలోనే పాడతారన్నా. మా యన్న పాడితే ఎట్ల ఉంటాదో చూడండని అందరికీ చెప్పుకుంటా వచ్చినా. రేపు నా మాట నిలబెట్టాల" అంది. నాయనకు ఓడగాలికి జలుబు పట్టి ఉంది. మిరియాల కషాయం తాగి, ఆ రాత్రి సైగలతోనే మాట్లాడాడు.

మర్నాడు వాళ్ల గుడి చూసి నేను నోరు తెరిచాను. బల్లలు, రంగు అద్దాలు, గోడంత వాయిద్యం. మా ఊళ్లోలాగే చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్లింది మేం ముగ్గురమే. ప్రసంగం అయ్యాక అక్కడి అయ్యగారు నాయనను ముందుకు పిలిచారు. మామ లేచి, ఈయన ఒక చరణం పాడతాడు, మీరు తిరిగి పాడండి అని అరవంలో చెప్పాడు. ఎలా ఆగాలో మాత్రం చెప్పలేదు. ఆయనది గిద్దలూరు, వాళ్ల గుడిలో ఎత్తినవాడే దించుకుంటాడు.

నాయన ఎత్తాడు. జలుబు గొంతే అయినా రెండో చరణానికి దారిలో పడింది. మాట అర్థం కాకపోయినా ఆ జనం ఎంత మర్యాదగా అందుకున్నారో! పాట చివరికొచ్చింది. నాయన ఎదురుచూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. వీళ్లకింకా ఆకలి తీరలేదనుకుని మళ్లీ మొదలుపెట్టాడు. అతిథి ఆపకుండా మనం ఆపితే బాగుండదని వాళ్లూ అందుకున్నారు. మూడోసారి కూడా ఇదే తంతు. అయ్యగారు లేచి, కూర్చుని, మళ్లీ లేచారు. నాయన గొంతు బొంగురుపోతోంది. నడిమధ్య పాట తెగితే అత్త మాట ఏం కాను? టై నా మెడకు ఉరిలా బిగుసుకుంది, కంజీర వాయించి వాయించి వేళ్లు మండుతున్నాయి. అమ్మ పెదవులు కదిలాయి గానీ ఇంటిమనిషి గనుక నోరు విప్పలేదు. నేను అత్తవైపు చూశాను. ఇప్పుడు ఆమెది ఈ సంఘం, అనదగ్గ మనిషి ఆమె ఒక్కతే. కళ్లు మూసుకుని కూర్చుంది. ఇన్నేళ్లలో మా పద్ధతి మరిచిపోయినట్టుంది అనుకున్నాను.

నాయన గొంతు ఒక్కసారి జీరపోయింది. అప్పుడు ఆడవాళ్ల వైపునుంచి, "దించన్నా" అని మెల్లగా వినిపించింది. నాయన అదే చరణంమీద పాటను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించాడు. గుడంతా ఒక నిట్టూర్పు విడిచింది.

మధ్యాహ్నం అత్త ఇంట్లో సంఘం వాళ్లందరికీ భోజనాలు. వాళ్లు కొబ్బరికారం తెచ్చారు, అమ్మ ఊరినుంచి తెచ్చిన చింతకాయ పచ్చడి వడ్డించింది. "ఏంది బావా, మమ్మల్ని పొద్దుగూకేదాకా పాడిస్తావనుకున్నా" అన్నాడు మామ. నాయన గొంతు లేక, నవ్వుతూ పచ్చడి గిన్నె ఆయనవైపు జరిపాడు.

వంటింట్లో అమ్మ అడిగింది: "ఏమ్మా, మన పద్ధతి మరిచిపోయినావా ఏంది?"

"యాడ మరిచేది వదినా" అంది అత్త, గిన్నె కడుగుతూ. "మొదటిసారే అనాల్సింది. ఇంకొక్కసారి విందామని ఊరుకున్నా. ఆనక ఇంకొక్కసారి."

నా మండే వేళ్లమీద వెన్న రాసుకుంటూ, నా బాధ ఈమెకేం తెలుసని లోలోపల గొణుక్కున్నాను. ఇన్నేళ్లకు ఇప్పుడు మార్కాపురంలో మా గుడికి మైకు వచ్చింది, గోడ గడియారం వచ్చింది, పాటలు వేళకు దిగుతున్నాయి. మొన్న ఒక ఆదివారం నన్నే ఎత్తమన్నారు. చివరి చరణం రాగానే ముందు వరుసలోంచి ఎవరో చాలా ప్రేమగా "దించు తాతా" అన్నారు. దించాను. కాస్త త్వరగానే అన్నారేమో అనిపించింది.