కట్టెతో తట్టిన బండ

తెలంగాణ రాకముందు సంగతి. గోదావరిఖని నుంచి ఇంటిల్లిపాది జీపులో మహారాష్ట్ర దిక్కు ఒక కొండకు పోయినం. అక్కడ చలి తప్ప హోటల్ గిట్ల ఏమీ లేదు. ఒక పెద్ద బండ కింద సద్దిమూట విప్పినం.

బొగ్గుబాయిల పైకప్పును కట్టెతో తట్టి, చప్పుడు విని బతికినోణ్ణి. అలవాటుగ చేతికట్టెతో మీది బండను తట్టిన. డొల్ల చప్పుడు వచ్చింది. బాయిల అట్ల వచ్చిందంటే కప్పు ఊడిపడుతదని గుర్తు.

"లేవుండ్రి" అన్న.

"ఇది బాయి కాదు బావా. నాలుగు అక్షరాలు చదివితే తెలిసేది" అని నా బావమరిది నవ్విండు. ఆయన హెడ్మాస్టరు. నా పెండ్లి నాటి నుంచి నలుగురిలో నాకు ఇదే మాట.

నేను మనుమరాలిని రెక్కపట్టి గుంజిన. అందరూ లేచిండ్రు, ఆయన గొణుక్కుంట చివరికి లేచిండు. పది అడుగులు వేసినమో లేదో, ఆయన కూసున్న చోటనే పెచ్చు ఊడిపడ్డది.

ఇప్పటికీ వాళ్ళింటికి పోతే ముందుగాల గోడను కట్టెతో రెండుసార్లు తడుత. ఆయన గోడకు దూరంగ కుర్చీ జరుపుకుంటడు. అప్పుడే నేను చాయ్ తాగుత.