గట్టు మీద చెరి సగం తప్పు

మా కాలవ గట్టు మీద సిమెంటు బాట వేశాక దానికి కొత్త భక్తులు పుట్టుకొచ్చారు. ఆదివారం తెల్లవారితే చాలు, రాజమండ్రి నుంచి కార్ల వెనక సైకిళ్లు కట్టుకొచ్చి, ఇక్కడ దింపి తొక్కుతారు. కారెక్కి వచ్చి సైకిలు తొక్కడమేంటో నాకు ఈ జన్మకి అర్థం కాదు. ఒంటికి అతుక్కుపోయే చొక్కాలు, నల్ల కళ్లద్దాలు, నెత్తిన హెల్మెట్టు, దాని మీదో కెమెరా. గంగిరెద్దుకి కూడా ఇంత అలంకారం ఉండదు. అన్నీ ఉంటాయి గానీ బెల్లు ఉండదు. అంత ఖరీదైన సైకిలుకి బెల్లు పెడితే నామోషీ అట.

బాట మొదట్లో ఒక బోర్డుంది. నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లూ కలిసి వాడుకోవాలని రాశారు. ఎవరు ఎవరికి దారివ్వాలో మాత్రం రాయలేదు.

మా అక్క పూతరేకులు చేస్తుంది. కాగిన కుండ మీద పల్చటి పిండిలో ముంచిన గుడ్డని ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. ఆ నైపుణ్యమంతా కుడి మణికట్టులోనే ఉంటుంది. ఆ ఆదివారం పొద్దున్నే పాలకని గట్టు మీద ఎడమ పక్కగా నడిచి వెళ్తోంది. పట్నంలో ఏదో కంపెనీ నడిపే పెద్దమనిషి సైకిలు మీద వెనక నుంచి వచ్చి గుద్దేశాడు. ఇద్దరూ పడ్డారు. ఆయనకి మోచెయ్యి గీరుకుంది. అక్కకి మణికట్టు విరిగింది.

ఇక్కడ మా గోదావరి వాళ్ల రోగం గురించి చెప్పాలి. ఎదుటివాడు మన కాలు తొక్కినా, "అయ్యో, తగిలిందాండీ" అని మనమే అడుగుతాం. అక్క కూడా విరిగిన చెయ్యి పట్టుకుని, "అయ్యయ్యో, దెబ్బ తగిలిందాండీ? నేనే చూసుకోలేదండి" అంది. చూసుకోడానికి వీపుకేమన్నా కళ్లుంటాయా? మర్యాదకన్న ఆ మాట కాస్తా వెనక వస్తున్న ఆయన స్నేహితుడి కెమెరాలో పడింది.

పోలీసు స్టేషనుకి వెళ్తే, ముందు పెద్దల్లో కూర్చుని మాట్లాడుకోండన్నారు. మా ఊరి పెద్దాయన ఇంటి వరండాలో కూర్చున్నాం. సైకిలు పెద్దమనిషి లాయరుని వెంటబెట్టుకొచ్చాడు. లాయరు ఫోను తీసి అక్క అన్న ఆ మాట ఒక్కటే వినిపించాడు.

"ఆవిడే ఒప్పుకున్నారు కదండి. ఇంక మా క్లయింటు తప్పేముంది?"

"అది మర్యాదకన్న మాటండి," అన్నాను.

"కోర్టుకి మర్యాదలతో పనేంటండి? ఏమన్నారో అదే చూస్తారు."

నాకు ఒళ్లు మండిపోయింది. దెబ్బ తిన్న మనిషి మంచితనాన్ని పట్టుకుని ఆ మనిషినే ఇరికించడానికా అంతంత చదువులు! గుద్దినాయనేమో మోచేతికి అంటించుకున్న బ్యాండేజీ నిమురుకుంటూ కూర్చున్నాడు. పసిపిల్లాడు కూడా అంత చిన్న గీతకి అంత సేపు ముద్దు చెయ్యడు. ఛీ అనిపించింది.

పెద్దాయన కల్పించుకున్నారు. "పోనీలెండి, తప్పు చెరి సగం అనుకుని రాజీ కాగితం రాసేసుకుందాం. ఏమ్మా, నువ్వేమంటావు?"

అక్క సరేనందంటే, ఆవిడే సైకిలుకి అడ్డం వెళ్లిందన్న మాట ఊళ్లో ఖాయమైపోతుంది. చెయ్యి పోయింది చాలక ఆ నింద కూడా మొయ్యాలి. పెద్దల మాటకి ఎన్నడూ ఎదురుచెప్పి ఎరగదు మా అక్క.

అక్క కట్టు కట్టిన చేతిని ఒళ్లో సర్దుకుంది. "ఈ చేత్తో ఇంక రేకు తియ్యడం కష్టమన్నారండి డాక్టరు గారు," అంది నెమ్మదిగా. తర్వాత సైకిలు పెద్దమనిషి వైపు తిరిగింది.

"పడగానే నేను మిమ్మల్ని చూసి దెబ్బ తగిలిందా అని అడిగానండి. మీరు లేచి సైకిలు చక్రం తిప్పి చూసుకున్నారు. సరేనండి, సగం తప్పు నాదే అనుకుందాం. నా సగానికి నా చెయ్యి విరిగింది. మీ సగానికి మీకేం విరిగిందండీ?"

జవాబు కోసం ఆయన లాయరు మొహంలోకి చూశాడు.