జాజు గింజలు

వడ్ల గింజను సత్తెవ్వ పంటి కింద పెట్టి కొరికితే, టక్కున విరిగిందా ఎండినట్టు, నలిగిందా పచ్చిగా ఉన్నట్టు. నలభై ఏళ్లుగా ఆ పళ్లు తప్పు చెప్పలేదు. ఊళ్లో ఎవరు వడ్లు ఎత్తాలన్నా ముందు ఆమె చేతికి నాలుగు గింజలు ఇచ్చేవారు. అలాంటి మనిషిని కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే ఒక చేతి మిషను ఇరవై మూడు రోజులు అబద్ధాలకోరును చేసింది.

మిషను కాదు, దాన్ని పట్టుకున్న కొండల్. కేంద్రం పెత్తనం అతనిదే. తేమ పదిహేడు శాతం దాటితే సర్కారు మద్దతు ధరకు కొనదు. సత్తెవ్వ కుప్పకు రోజూ పద్దెనిమిదే చూపించేవాడు. గింజలు తీసేది కుప్ప అడుగు నుంచి, చెమ్మ పట్టిన చోట.

"ఇంక ఎండాలె అవ్వా. కాళ్లతోని మంచిగ తిప్పు."

"నా పండ్ల కింద టక్కుమంటున్నయి బిడ్డా."

"సర్కారు నీ పండ్లను నమ్మదే" అని గొడుగు కింద కుర్చీలో కూర్చుని నవ్వేవాడు.

నడినెత్తిన ఎండ. తారు రోడ్డు మీద వట్టి కాళ్లతో వడ్లు తిప్పింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి, పగిలాయి, మళ్లీ ఎక్కాయి.

ఆమె కంటే ముందు గట్టయ్య కుప్ప కూడా ఇలాగే ఆగింది. విసిగిపోయి దాన్ని కొండల్ బామ్మర్ది శీనుకు సగం ధరకు ఇచ్చేశాడు. మర్నాడే ఆ వడ్లు శీను పేరు మీద కాంటా ఎక్కాయి. ఒక్క రాత్రిలో ఎలా ఎండాయో మిషనుకే తెలియాలి. గట్టయ్య ఏడ్చాడు. సత్తెవ్వ ఏడవలేదు. ఇంటికి పోయి, గోడలకు పూయగా మిగిలిన ఎర్ర జాజును నీళ్లలో కలిపి, రెండు చాటల వడ్లు అందులో ముంచి ఆరబెట్టింది. మర్నాడు కుప్ప తిప్పుతూ ఆ గింజలను పిడికెడు పిడికెడుగా లోపలికి కలిపేసింది.

గురువారం తనిఖీ సారు వస్తాడని హమాలీలు చెప్పారు. బుధవారం ఆమె శీను దగ్గరికి పోయింది.

"నాతోని గాదు బిడ్డా. తీస్కపో."

"గీ తెలివి ముందే ఉండాలె పెద్దమ్మా" అన్నాడు శీను. అతడిచ్చిన నోట్లను లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకుంది.

వడ్లు సంచులకెత్తేటప్పుడు హమాలీలకు ఎర్ర గింజలు కనపడ్డాయి. చూడనట్టే సంచుల మూతులు కుట్టేశారు.

గురువారం జీపు దిగిన అధికారికి సత్తెవ్వ అడ్డంగా నిలబడింది.

"సారూ, గీ సంచుల వడ్లు ఎవ్వరియో అడుగుండ్రి."

"నాయే సార్. మా చెరువు కింది మడియి" అన్నాడు శీను.

"నీ మడిల వడ్లు ఎర్రగ కాస్తయారా?" అంది సత్తెవ్వ.

"ఎండకు మతి పోయింది సార్ ముసల్దానికి" అన్నాడు కొండల్.

సత్తెవ్వ కొంగు రెండో ముడి విప్పి, దాచి ఉంచిన పిడికెడు జాజు గింజలు అధికారి చేతిలో పోసింది. "గివి నా కుప్పల నేనే కలిపిన. ఏ సంచన్న కొయ్యిండ్రి. ఇవి లేకుంటే నన్ను జైలుకు తోలుండ్రి."

హమాలీ కొక్కెం కుట్టును తెంపింది. పసుపు వడ్లలో ఎర్రగా నాలుగు గింజలు. రెండో సంచిలోనూ, మూడో సంచిలోనూ అంతే. అధికారి స్వయంగా మిషను పెట్టాడు. పదమూడు. కొండల్ కొలువు అక్కడికక్కడే ఊడింది.

"సంచులన్నీ నీ పేరు మీద రాయిస్తనమ్మా" అన్నాడు అధికారి.

కొంగున ముడేసిన నోట్లను శీను కాళ్ల మీద విసిరికొట్టి సత్తెవ్వ తల అడ్డంగా ఊపింది. "ఆగుండ్రి సారూ. అవి పచ్చివి. ఇరవై మూడు దినాలు కొండల్ సారే చెప్పిండు. ఆయననే ఎండబెట్టుమనుండ్రి."

అధికారి నవ్వు ఆపుకొని, కేసు రాయడానికి జీపు ఎక్కాడు. రైతులు కొండల్ చుట్టూ మూగారు. ఎవరూ చెయ్యెత్తలేదు, దారీ ఇవ్వలేదు. గట్టయ్య ఒక సంచిని రోడ్డు మీద కుమ్మరించాడు. కొండల్ బూట్లు విప్పాడు.

సత్తెవ్వ గొడుగు కింద అతని కుర్చీలో కూర్చుంది. రెండు అడుగులకే అతడు గెంతసాగాడు.

"మంచిగ తిప్పు బిడ్డా."

గంట గడిచాక అతడు ఆమె వైపు చూశాడు. సత్తెవ్వ ఒక గింజను పంటి కింద పెట్టింది. టక్కుమన్న చప్పుడు అందరికీ వినపడింది.

"ఇంక ఎండాలె" అంది.